ఆదివారము సైకిలు ఎక్కని పందెగాడు: మేజర్ టేలర్ జీవితము

చదువవలసిన భాగము: ద్వితీయోపదేశకాండము 5వ అధ్యాయము, 12 నుండి 15 వరకు వచనములు.



విశ్రాంతి దినమును గూర్చిన ఆజ్ఞ బైబిలులో రెండు చోట్ల వ్రాయబడియున్నది. నిర్గమకాండము 20వ అధ్యాయములో దానికి చూపబడిన కారణము సృష్టి. దేవుడు ఆరు దినములు పని చేసి యేడవ దినమున విశ్రమించెను. ద్వితీయోపదేశకాండములో చూపబడిన కారణము వేరు. జనులు ఒకప్పుడు ఐగుప్తులో దాసులుగా నుండిరి గనుక, తమ యింటి దాసదాసీలు కూడ తమవలెనే విశ్రమింపవలెనని అక్కడ మోషే జ్ఞాపకము చేసెను. మొదటి కారణము మనకు కంఠపాఠము. రెండవదానిని మనము అంతగా తలంచము. ఈ నెల మేము ఆ రెండవ కారణమును మనస్సులో నుంచుకొని యొక మనుష్యుని జీవితమును మీ ముందుంచుచున్నాము. ఆయన బోధకుడు కాడు, మిషనెరీ కాడు. సైకిలు పందెములాడి జీవించినవాడు. పేరు మార్షల్ వాల్టర్ టేలర్. లోకము మేజర్ టేలర్ అని పిలిచెను.

ఆయన జీవితము తెలియవలెనంటే మొదట ఆయన తొక్కిన సైకిలు సంగతి తెలియవలెను. పానగల్ చెరువు కట్టమీదనుండి దిగునప్పుడు మన పిల్లలు పెడళ్ళమీద కాళ్ళు ఆన్చి కదలక కూర్చుందురు. చక్రము దానంతట అదే దొర్లిపోవును; వెనుక టిక్కు టిక్కుమని చప్పుడగును. ఆ చప్పుడు ఫ్రీవీలుది. దాని లోపల చిన్న యినుప నాలుకలుండును. ముందుకు తొక్కినప్పుడు అవి పండ్లను పట్టుకొని చక్రమును త్రిప్పును. తొక్కుట మానినప్పుడు పండ్లమీదుగా జారిపోవును. అందువలన పల్లములో మన కాళ్ళకు విశ్రాంతి దొరకును.

టేలర్ తొక్కిన పందెపు సైకిలుకు ఫ్రీవీలు లేదు. వెనుకచక్రపు హబ్బుకే పండ్లచక్రము గట్టిగా బిగింపబడియుండును. చక్రము తిరిగినంతసేపు పెడళ్ళు తిరుగును. పెడళ్ళు తిరిగినంతసేపు కాళ్ళు తిరుగవలెను. ఎత్తు ఎక్కినను అంతే, పల్లము దిగినను అంతే. బ్రేకులు కూడ ఉండవు. వేగము తగ్గింపవలెనంటే తిరుగుచున్న పెడళ్ళకు ఎదురుగా కాళ్ళతోనే అదిమిపట్టవలెను. దీనిని ఫిక్సుడు గేరు సైకిలు అందురు. గుండ్రని పందెపు మైదానములలో నేటికిని ఇట్టి సైకిలునే వాడుచున్నారు.

రోడ్లమీద దూరపు పందెములాడువారు దీనికి ఒక ఉపాయము కనుగొనిరి. హబ్బుకు రెండు ప్రక్కలను మరలు కోయించి, ఒక ప్రక్క చిన్న పండ్లచక్రమును, రెండవ ప్రక్క పెద్దదానిని బిగించుకొనిరి. కొందరు ఒక ప్రక్క కదలని పండ్లచక్రమును, రెండవ ప్రక్క ఫ్రీవీలును పెట్టుకొనిరి. కొండ అడుగుకు వచ్చినప్పుడు మనిషి దిగి, నట్లు వదులుచేసి, వెనుకచక్రమును ఊడదీసి, అటుది ఇటు త్రిప్పి, చైను వేసి, బిగించి, మరల ఎక్కును. ఫ్రాన్సుదేశము చుట్టు జరుగు గొప్ప పందెము 1903లో మొదలయ్యెను. అందులో పేరుపొందిన పందెగాండ్రకు గేరు మార్చు యంత్రమును 1937లో గాని ఒప్పుకొనలేదు. అంతవరకు వారు ఇట్లే చక్రము త్రిప్పుకొనుచు కొండలు దాటిరి. దిగకుండ చక్రము త్రిప్పుకొనుట వారిలో ఎవనికిని సాధ్యము కాలేదు. ఈ సంగతిని జ్ఞాపకముంచుకొనుడి.

టేలర్ 1878 నవంబరు 26వ తేదీన అమెరికాలోని ఇండియానాపోలిస్ పట్టణములో పుట్టెను. ఆ దేశమున బానిసత్వము చట్టప్రకారము కొట్టివేయబడి అప్పటికి పదమూడేండ్లే. ఆయన పెద్దలు కెంటకీ రాష్ట్రమునుండి వచ్చిన నల్లవారు. ఇంట ఎనిమిదిమంది పిల్లలు. తండ్రి ఒక ధనికుని యింట గుఱ్ఱపుబండి తోలుచుండెను. ఆ యింటి పిల్లవానికి తోడుగా చిన్న టేలరును కూడ అక్కడనే ఉంచిరి. ఒకే బల్లయొద్ద చదువు, ఒకే బట్టలు, ఒకే ఆటలు. ఆయనకు మొదటి సైకిలు ఆ యింటనే దొరికెను.

అయితే ఆ పిల్లలందరు కలిసి వై.యం.సి.ఏ. వారి వ్యాయామశాలకు పోయినప్పుడు, తెల్ల పిల్లలు లోపలికి పోయిరి. టేలరును వాకిటనే ఆపిరి. క్రైస్తవుల పేరు పెట్టుకొన్న ఆ యింటి తలుపు ఒక క్రైస్తవ బాలునికి మూయబడెను. మనలో పెద్దవారికి ఇట్టి తలుపుల సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. బావియొద్దను, హోటలులోని వేరు గ్లాసులయొద్దను, ఒక్కొక్కప్పుడు దేవుని ఆలయములోనే వేరు చాపలయొద్దను మన పెద్దలు దానిని చూచిరి.

కొంతకాలమునకు ఆ ధనికులు చికాగోకు వెళ్ళిపోయిరి. టేలర్ తల్లిదండ్రుల బీదయింటికి తిరిగివచ్చి, సైకిలుమీద వార్తాపత్రికలు పంచిపెట్టుచుండెను. ఆ తిరుగుటలో సైకిలుమీద చిత్రమైన విన్యాసములు నేర్చెను. ఒక సైకిలు దుకాణమువారు అది చూచి, ఆయనను పనిలో పెట్టుకొనిరి. ప్రొద్దున ఊడ్చుట, సాయంకాలము దుకాణము ముందు విన్యాసములు చేసి జనమును పోగుచేయుట. అప్పుడు ఆయనకు సిపాయి దుస్తులు తొడిగించిరి. ఆ దుస్తులనుబట్టియే మేజర్ అను పేరు వచ్చెను. ఆ దుకాణమువారే హాస్యమునకు ఆయనను పది మైళ్ళ పందెములో దింపిరి. పదమూడేండ్ల ప్రాయపు ఆ బాలుడు ఆ పందెములో గెలిచెను.

ఇండియానాపోలిస్‌లో లూయీ మంగర్ అను తెల్లవాడొకడు సైకిళ్ళు చేయుచుండెను. తానును ఒకప్పుడు పందెగాడే. ఆయన టేలరును పనిలో చేర్చుకొని, నేర్పి, 1895లో మాసచూసెట్స్ రాష్ట్రములోని వుస్టర్ పట్టణమునకు తోడుకొనిపోయెను. అక్కడి వై.యం.సి.ఏ. తలుపు తెరచియుండెను, టేలర్ అక్కడి వ్యాయామశాలలో దేహమును గట్టిచేసికొనెను. పేరు ఒక్కటే, సంఘము ఒక్కటే. ఒక ఊరిలో మూసిన తలుపు ఇంకొక ఊరిలో తెరువబడెను. తలుపు తెరచుటయు మూయుటయు ఆ యా ఊరి మనుష్యుల చేతిలోనున్న సంగతి దీనివలన తెలియుచున్నది.

దేశమంతటికిని పెద్దయైన సైకిలువారి సంఘము నల్లవారిని సభ్యులుగా చేర్చుకొనగూడదని 1894లో నిబంధన చేసికొనియుండెను. ఆ సంఘపు వారసులు ఆ నిబంధనను బహిరంగముగా త్రోసివేయుటకు 1999వ సంవత్సరము రావలసివచ్చెను. అయినను పందెములాడుటకు అనుమతి దొరికినచోట టేలర్ ఆడెను.

1896 డిసెంబరులో, పదునెనిమిదేండ్లు నిండిన మరుసటి నెలలో, ఆయన న్యూయార్క్‌లో డబ్బు పందెములలో దిగెను. అక్కడ ఆరు దినముల పందెము జరిగెను. సోమవారము తెల్లవారకముందే మొదలై శనివారము రాత్రివరకు, పగలు రాత్రి అనక తొక్కుచునే యుండవలెను. ఎవడు ఎక్కువ మైళ్ళు తొక్కిన వాడు గెలిచినట్లు. ఆదివారము ఆటలు జరుపుట అక్కడి కట్టుబాటునకు విరోధము గనుకనే ఆరు దినములు పెట్టిరి. లేనియెడల ఏడవ దినము కూడ తొక్కించియుందురు. నిద్ర లేక మనుష్యులకు మతి చలించుచుండెను, లేనివి కనబడుచుండెను. జనము టిక్కెట్లు కొని ఆ బాధనే చూచుటకు వచ్చెడివారు. టేలర్ ఆ ఆరు దినములలో 1,732 మైళ్ళు తొక్కి ఎనిమిదవ స్థానము పొందెను. హైదరాబాదునుండి ఢిల్లీకి పోయి, తిరుగు దారిలో సగము దాటి వచ్చినంత దూరము. కొద్దికాలమునకు న్యూయార్క్ ప్రభుత్వము, ఒక మనిషి దినమునకు పండ్రెండు గంటలకు మించి తొక్కరాదని చట్టము చేసెను.

తరువాతి యేండ్లలో ఆయన గెలిచినకొలది శత్రువులు పెరిగిరి. పందెములో నలుగురైదుగురు కూడబలుకుకొని ఆయనను చుట్టుముట్టి, ముందుకు పోనీయక నడుమ బంధించెడివారు. మోచేతులతో పొడిచెడివారు. 1897లో టాంటన్ పట్టణమున పందెము ముగియగానే ఒక తెల్ల పందెగాడు ఆయనను సైకిలుమీదనుండి లాగి, గొంతు పిసికెను. ఆయన స్పృహ తప్పి పడియుండెను. ఆ మనిషికి పడిన శిక్ష కొద్దిపాటి జరిమానాయే. దక్షిణ రాష్ట్రములలో ఆయనను మైదానములకే రానీయలేదు. చాల ఊళ్ళలో గది యిచ్చు హోటలు లేకపోయెను, భోజనము పెట్టు బల్ల లేకపోయెను. ఆయన తిరిగి కొట్టలేదు. ఎవరును చుట్టుముట్టలేనంత వేగముగా ముందునకు దూసికొనిపోవుటయే ఆయన యిచ్చిన జవాబు.

తల్లి భక్తిగలది. ఆమె నేర్పిన విశ్వాసమును ఆయన తనదిగా చేసికొని, బాప్తిస్మము పొంది, వుస్టర్‌లోని జాన్ స్ట్రీట్ బాప్తిస్టు సంఘములో చేరెను. త్రాగడు, పొగ పీల్చడు. ఆదివారము పందెము ఆడడు. ఈ చివరి మాటకే ఆయన ఎక్కువ వెల చెల్లించెను. ఆ దినములలో ఏడాది పొడుగున ఊరూర జరుగు పందెములలో సంపాదించిన అంకములనుబట్టి జాతీయ విజేతను తేల్చెడివారు. ఆదివారపు పందెమును విడిచినవానికి ఆ అంకములు పోవును. 1898లో సెయింట్ లూయిస్ పట్టణమున వాన వలన తుది పందెము ఆదివారమునకు మార్చబడగా, ఆయన దిగలేదు.

అయినను 1899 ఆగస్టు 10వ తేదీన కెనడాలోని మాంట్రియాల్‌లో ఒక మైలు పందెము గెలిచి టేలర్ ప్రపంచ విజేత ఆయెను. ఏ ఆటలోనైనను ప్రపంచ విజేతయైన నల్లవారిలో ఆయన రెండవవాడు. మొదటివాడు జార్జి డిక్సన్ అను బాక్సింగు వీరుడు. ఆ సంవత్సరమే నవంబరులో, ఆవిరియంత్రపు బండి ముందు గాలిని చీల్చుచు పోవుచుండగా దాని వెనుక ఒక మైలును 1 నిమిషము 19 సెకన్లలో తొక్కెను. ఆ సైకిలుకును ఫ్రీవీలు లేదని మరువకుడి. అంత వేగమునను కాలికి విరామము లేదు. 1900లో అమెరికా జాతీయ విజేత బిరుదు కూడ దొరికెను.

ఫ్రాన్సువారు ఆయనను పిలిచిరి. పెద్ద మొత్తము ఇత్తుమనిరి. కాని ఐరోపాలో ముఖ్యమైన పందెములన్నియు ఆదివారమే. పనివారికి సెలవు ఆనాడే, టిక్కెట్లు అమ్ముడుపోవుట ఆనాడే. ఆయన రానని చెప్పెను. ఇంకొకరైతే అంతటితో మరచిపోయి యుందురు. అయితే ఆయన కాళ్ళ విలువ ఎరిగిన ఆ వర్తకులే చివరకు తగ్గి, ఆదివారము ఆడనక్కరలేదని ఒప్పందములో వ్రాసి, 1901లో ఆయనను రప్పించుకొనిరి. ఫ్రాన్సు వీరుడైన ఎడ్మండ్ జాకలిన్‌తో పారిస్‌లో రెండు పోటీలు జరిగెను. మొదటిది మే 16, గురువారము, ప్రభువు ఆరోహణ దినము. ఆనాటి చలిలో టేలర్ ఓడిపోయెను. రెండవది మే 27, పెంతెకోస్తు పండుగ మరునాటి సోమవారము. ఆనాడు టేలర్ గెలిచెను. నడుమనున్న రెండు ఆదివారములు ఆయన చక్రము పందెపు మైదానములో తిరుగలేదు.

1902లో డెయిజీ మోరిస్ అను ఆమెను వివాహమాడెను. ఆస్ట్రేలియా దేశమునకు పోయి అక్కడను పేరు పొందెను. 1904లో సిడ్నీ నగరమున పుట్టిన కుమార్తెకు రీటా సిడ్నీ అని పేరు పెట్టిరి. కాని అన్ని దేశములలోను వెంటబడిన ద్వేషము, ఎడతెగని ప్రయాణము ఆయనను లోపల నలుగగొట్టెను. 1904 తరువాత రెండేండ్లకు పైగా ఆయన పందెములాడలేకపోయెను. 1907లో తిరిగి వచ్చెను గాని పాత బలము రాలేదు.

ఇక్కడ మేము ఒక సంగతి దాచక చెప్పవలెను. ఆ చివరి యేండ్లలో, ఐరోపాలో, ఆయన కొన్ని ఆదివారపు పందెములు కూడ ఆడెను. భక్తుల చరిత్రలు వ్రాయువారు ఇట్టివానిని విడిచిపెట్టుట కలదు. మేము విడువము. అంతకుముందు వర్తకులకు ఆయన అవసరము. ఇప్పుడు ఆయనకు వర్తకుల అవసరము. వయస్సు ముప్పది దాటెను, గెలుపులు తగ్గెను, ఇంట భార్యయు బిడ్డయు ఉండిరి. బలము ఉన్నప్పుడు ఆయన తన విశ్రాంతి దినమును ఒప్పందములో వ్రాయించుకొనగలిగెను. బలము తగ్గినప్పుడు వ్రాయించుకొనలేకపోయెను. ఇందునుబట్టి ఆయనను తీర్పు తీర్చుటకు మనలో ఎవరు ముందుకు వత్తురు? పస్తుండు ఇంటిలో ఆదివారపు కూలి ఎంత బరువో కూలివానికే తెలియును.

1910లో ఆయన పందెములు విడిచెను. సంపాదించినది వ్యాపారములలో పోయెను. తన జీవితకథను తానే వ్రాసి, 1928లో సొంత ఖర్చుతో అచ్చువేయించి, ఇంటింటికి తిరిగి అమ్ముకొనెను. భార్యకు దూరమై చికాగో చేరి, అక్కడి వై.యం.సి.ఏ. గదిలో బస చేసెను. 1932 జూన్ 21వ తేదీన, బీదలకు ధర్మముగా వైద్యము చేయు ఆసుపత్రి వార్డులో, 53 ఏండ్ల ప్రాయమున మరణించెను. శవమును అడిగినవారు లేరు. పేరు వ్రాయని సమాధిలో పాతిపెట్టిరి. 1948లో పాత పందెగాండ్రు కొందరు కూడి, ష్విన్ సైకిలు కంపెనీ యజమాని ఖర్చు భరింపగా, ఆయన దేహమును తీసి, అదే శ్మశానములో మంచి స్థలమున పాతిపెట్టి, పేరు చెక్కిన పలకను ఉంచిరి. ఆయనను వాకిట నిలిపిన ఇండియానాపోలిస్ పట్టణమే 1982లో ఒక సైకిలు మైదానమునకు ఆయన పేరు పెట్టెను. వుస్టర్‌లో 2008లో స్మారకము నిలిపిరి.

సంఘస్థులారా, ఈ జీవితమునుండి మనము నేర్చుకొనవలసినది ఏమి? ఆదివారము పని చేయువాడు పాపి అని వ్రేలు చూపుటకు మేము దీనిని వ్రాయలేదు. ద్వితీయోపదేశకాండములోని ఆజ్ఞ ముందుగా ఎవరితో మాటలాడుచున్నదో చూడుడి. దాసుడు గలవానితో, పశువులు గలవానితో, ఇంట పరదేశి గలవానితో అది మాటలాడుచున్నది. విశ్రమించు హక్కు దాసునిది. దానిని ఇచ్చు బాధ్యత యజమానునిది.

మన నల్లగొండ, పాలమూరు సీమలకు ఇది దూరపు మాట కాదు. మన తాతలు వెట్టి చేసిరి. అప్పునకు జీతగాండ్రుగా కుదిరి, పండుగ పబ్బము లేక దొరల పశువులను కాచిరి. వెట్టిచాకిరిని కొట్టివేయు చట్టము దేశమంతటికిని వచ్చినది 1976లోనే. పాలమూరు కూలీలు మేస్త్రి యిచ్చిన ముందస్తు డబ్బునకు కట్టుబడి, దేశమందలి ఎన్నో ఆనకట్టలకు, కాలువలకు మట్టి మోసిరి. వారి దినములు ఫ్రీవీలు లేని చక్రమువంటివి. ఎత్తునను పల్లమునను కాలు ఆగుటకు లేదు. ఐగుప్తు ఇటుకబట్టీల సంగతి మన జనులకు వేరుగా బోధింపనక్కరలేదు.

ఇప్పుడు మనలో కొందరికి భూములున్నవి, ఉద్యోగములున్నవి, దుకాణములున్నవి. దేవునికి స్తోత్రము. అయితే మనము తెల్లబట్టలు కట్టుకొని ఆరాధనకు వచ్చిన ఆదివారమున మన మోటారుయొద్ద, మన బర్రెలయొద్ద, మన పొయ్యియొద్ద ఎవరుండిరి? మన జీతగానికి కూలి కోయకుండ ఒక దినము విడిచిపెట్టితిమా? ఇంటి ఆడవారికి ఆదివారము మిగిలిన దినములకంటె ఎక్కువ వంట కాలేదా? మన విశ్రాంతి ఇంకొకని వీపుమీద మోయబడినయెడల, మనము ఆజ్ఞలో సగమే పాటించినవారము.

ఇక కూలి చేసికొని బ్రదుకు సహోదరీ సహోదరులకు ఒక మాట. టేలర్ ఒంటరివాడు గనుక చివరకు నిలువలేకపోయెను. మీరు ఒంటరివారు కారు. ఒక పేటవారందరు కలిసి వారమునకొక దినము అడిగినప్పుడు మేస్త్రి వినక తప్పదు. ఆదివారమే దొరకనియెడల వేరొక దినమైనను పట్టుకొనుడి. ప్రభువు మిమ్మును దూరముగా నెట్టడు. ఆ దినము కూలి పోయిన ఇంటికి గిన్నెడు బియ్యము పంపుట సంఘపు పని.

పూర్వపు పందెగాండ్రు కొండ అడుగున దిగి చక్రము త్రిప్పుకొనిరని పైన చెప్పితిమి. దిగిన ఆ కొద్ది నిమిషములలో ఇతరులు ముందుకు పోవుచుందురు. అయినను దిగినవాడే కొండ ఎక్కగలిగెను. వారమునకొక దినము దిగుట నష్టమువలె కనబడును. దిగుటకు మనకు ధైర్యమును, మన చేతిక్రిందివారిని దిగనిచ్చుటకు మంచి మనస్సును ప్రభువు అనుగ్రహించును గాక.

కుటుంబ ప్రార్థనలో ఆలోచించుటకు:
1. విశ్రాంతి దినమునకు చూపబడిన రెండు కారణములలో మన యింట ఏది మరువబడినది?
2. మన కొరకు పని చేయువారిలో విశ్రాంతి దొరకనివారు ఎవరు? ఈ నెలలో వారికి మనము ఏమి చేయగలము?
3. మన సంఘములో, మన పేటలో, ఇంకను మూసియున్న తలుపు ఏది?

ప్రార్థన: ప్రభువా, దాసుల మొఱ్ఱ విని దిగివచ్చినవాడవు నీవే. అలసిన చేతులకు విశ్రాంతి దయచేయుము. విశ్రాంతి ఇవ్వగలవారి హృదయములను కదలించుము. పేరు లేని సమాధులలో ఉన్నవారి పేరులు కూడ నీయొద్ద ఉన్నవని నమ్మి మేము ఆదరణ పొందుచున్నాము. ఆమెన్.